ఒకే బయోఈక్వివలెన్స్ స్టడీ, రెండు గ్రూపులు: మోడల్‌లో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

బయోఈక్వివలెన్స్ స్టడీ అంటే, కొత్త మందు (టెస్ట్) అసలు మందు (రిఫరెన్స్) లాగే రక్తంలోకి చేరుతుందా అని చూసేది. ప్రోటోకాల్‌లో 48 మంది వాలంటీర్లు. క్లినిక్‌లో ఖాళీగా ఉన్నవి 28 బెడ్లు. హైదరాబాద్ సీఆర్‌ఓల్లో (మందుల కంపెనీల కోసం ఇలాంటి స్టడీలు చేసే సంస్థల్లో) పనిచేసేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. 24 మందికి ఈ వారం, మిగతా 24 మందికి పై వారం అని క్లినికల్ టీమ్ షెడ్యూల్ వేసేస్తుంది. డోసియర్ సమర్పించాక ఎప్పటికో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నుంచి క్వెరీ వస్తుంది: గ్రూపుల సంగతి మోడల్‌లో ఎందుకు లేదు? గ్రూప్-ట్రీట్‌మెంట్ ఇంటరాక్షన్ చూశారా? అప్పుడు అందరికీ టెన్షన్.

ఈ పని కొత్తగా మొదలుపెట్టిన బయోస్టాటిస్టిషియన్ల కోసం ఇది రాస్తున్నాను. 2×2 క్రాస్ఓవర్, లాగ్ స్కేల్‌లో అనాలిసిస్, 90% కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, 80.00–125.00 హద్దులు మీకు తెలుసనే అనుకుంటున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. గ్రూప్ టర్మ్‌లు పెట్టడం వల్ల పోయేది దాదాపు ఏమీ లేదు. ఇంటరాక్షన్ టెస్ట్‌ని పాస్-ఫెయిల్ గేటులా వాడితే మాత్రం బాగున్న స్టడీ కూడా చేజారిపోవచ్చు.

ముందు తేల్చుకోవాల్సింది: గ్రూప్ దేన్ని తాకుతుంది?

క్రాస్ఓవర్‌లో ప్రతి వాలంటీరూ టెస్టూ, రిఫరెన్సూ రెండూ తీసుకుంటాడు. మనం చూసేది అతనిలో అతనికే వచ్చే తేడా. మొదటి గ్రూపువాళ్ల సగటు బరువు ఎక్కువైనా, రెండో గ్రూపు శాంపిళ్లను ల్యాబ్‌లో వేరే నెలలో అనలైజ్ చేసి రీడింగులు అన్నీ 5 శాతం ఎక్కువగా వచ్చినా, ఆ ఎక్కువ తక్కువలు టెస్టులోనూ రిఫరెన్సులోనూ సమానంగా ఉంటాయి కాబట్టి నిష్పత్తిలో కొట్టుకుపోతాయి. ఒక వాలంటీర్ శాంపిళ్లన్నీ ఒకే రన్‌లో పెట్టాలని బయోఎనలిటికల్ వాళ్లు పట్టుబట్టేది ఇందుకే. అంటే గ్రూప్ మెయిన్ ఎఫెక్ట్ మనుషుల మధ్య తేడా. టెస్ట్-రిఫరెన్స్ పోలికను అది కదిలించదు.

కదిలించగలిగేవి రెండే. ఒకటి పీరియడ్. మొదటి గ్రూపు పీరియడ్ 1, రెండో గ్రూపు పీరియడ్ 1 క్యాలెండర్‌లో వేర్వేరు రోజులు. రెండింటికీ ఒకే పీరియడ్ ఎఫెక్ట్ ఉంటుందనుకోవడానికి ఆధారం లేదు. రెండోది గ్రూప్-ట్రీట్‌మెంట్ ఇంటరాక్షన్, అంటే టెస్ట్-రిఫరెన్స్ నిష్పత్తే ఒక గ్రూపులో ఒకలా, ఇంకో గ్రూపులో ఇంకోలా ఉండటం. మొదటిదాన్ని మోడల్‌లో సర్దడం తేలిక. తగాదా అంతా రెండోదాని మీదే.

అడుగు 1: డిజైన్ దగ్గరే సగం పని ముగించండి

అన్నిటికన్నా మంచి గ్రూప్ ఎఫెక్ట్, అసలు లేని గ్రూప్ ఎఫెక్ట్. రెండు వార్డులు కలిపి అందరికీ ఒకే రోజు డోసింగ్ చేయడం కుదురుతుందేమో ముందు అడగండి. కుదరకపోతే ఈ జాగ్రత్తలు తీసుకోండి. అన్ని గ్రూపులూ ఒకే క్లినిక్‌లో, ఒకే ప్రోటోకాల్, ఒకే భోజనం, ఒకే శాంప్లింగ్ టైములతో నడవాలి. వాలంటీర్లందరినీ ఒకే స్క్రీనింగ్ పూల్ నుంచి తీసుకోవాలి. మొదటి గ్రూపు అయ్యాక కొత్తగా రిక్రూట్‌మెంట్ మొదలుపెట్టకూడదు. గ్రూపుల మధ్య గడువు రోజుల్లో ఉండాలి, నెలల్లో కాదు. గ్రూపుల సైజులు వీలైనంత సమానంగా ఉండాలి.

ఈ చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. 40 బెడ్లు ఉన్నాయి కదా అని 40 + 8గా విడగొడతారు. ఎనిమిది మంది గ్రూపులో ఒక్కరికి వాంతులై సీమ్యాక్స్ (రక్తంలో మందు చేరిన గరిష్ఠ స్థాయి) పడిపోతే చాలు, ఆ గ్రూపు నిష్పత్తి ఎటో వెళ్లిపోతుంది. రివ్యూయర్ కన్ను నేరుగా దానిమీదే పడుతుంది. 24 + 24 చేస్తే రెండుసార్లూ కొన్ని బెడ్లు ఖాళీగా ఉంటాయి, నిజమే. డిఫిషియన్సీ లెటర్‌కి జవాబు రాయడంతో పోలిస్తే అది చవకే.

ఇవి నా సొంత సలహాలు మాత్రమే కావు. మందుల నియంత్రణ సంస్థల అంతర్జాతీయ వేదిక ఐసీహెచ్ 2024 జులైలో ఖరారు చేసిన ఎం13ఏ గైడ్‌లైన్ కూడా ఒకే క్లినిక్, ఒకే పూల్, మొదట్లోనే రాండమైజేషన్, వీలైతే సమాన సైజులు అనే చెబుతుంది. ఆ గైడ్‌లైన్ పరిధి, లోపలి మందు వెంటనే విడుదలయ్యే మాత్రలు, క్యాప్సూళ్ల లాంటి నోటి మందులు. ఇంగితం మాత్రం మిగతావాటికీ అదే.

అడుగు 2: రాండమైజేషన్‌ని గ్రూపు లోపల బ్యాలెన్స్ చేయండి

వాలంటీర్ ఏ గ్రూపులోకి వెళ్తాడన్నది కూడా స్టడీ మొదలవకముందే యాదృచ్ఛికంగా తేలాలి. ముందొచ్చినవాళ్లు మొదటి గ్రూపు, ఆలస్యంగా వచ్చినవాళ్లు రెండో గ్రూపు అంటే అది రాండమైజేషన్ కాదు. దూరం నుంచి వచ్చేవాళ్లూ, వేరే వయసువాళ్లూ ఒకవైపు పోగుపడొచ్చు.

ఇక సీక్వెన్సులు. మొత్తం 48లో 24:24 ఉంటే సరిపోదు. ప్రతి గ్రూపులోనూ టెస్ట్-ముందు, రిఫరెన్స్-ముందు సీక్వెన్సులు సమానంగా ఉండాలి. పీరియడ్‌ని గ్రూప్ లోపల నెస్ట్ చేశాక (అంటే ఒక్కో గ్రూపుకీ పీరియడ్ ఎఫెక్ట్‌ని విడిగా లెక్కించాక) ఒక్కో గ్రూపు ఇచ్చే సమాచారం, రెండు సీక్వెన్సుల సైజుల గుణకారాన్ని వాటి మొత్తంతో భాగిస్తే ఎంతో, దానికి అనుపాతంలో ఉంటుంది. పది మంది గ్రూపులో 5:5 ఉంటే అది 25/10, అంటే 2.5. అదే 8:2 అయితే 16/10, అంటే 1.6. ఉన్నది పది మందే, కానీ ఇచ్చే సమాచారం ఆరుగురి పాటిది. డ్రాపవుట్ల వల్ల చిన్న గ్రూపులో ఒక సీక్వెన్స్ పూర్తిగా ఖాళీ అయిపోతే ఆ గ్రూపు ఇచ్చేది సున్నా. అందులో పీరియడ్ తేడాకీ, ట్రీట్‌మెంట్ తేడాకీ మధ్య గీత గీయడం కుదరదు. గ్రూపులు మరీ చిన్నవి వద్దనడానికి ఇదీ ఒక కారణం.

బ్లాక్ సైజు గ్రూపు సైజుని నిశ్శేషంగా భాగించేలా పెట్టుకుంటే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది.

అడుగు 3: ప్రోటోకాల్‌లో వాక్యం ముందే రాసిపెట్టుకోండి

ఎఫ్‌డీఏ 2001 జనవరి నాటి స్టాటిస్టికల్ గైడెన్స్‌లోనే ఈ మాట ఉంది. స్టడీ రెండు లేదా అంతకన్నా ఎక్కువ గ్రూపుల్లో జరిగితే మోడల్ దాన్ని ప్రతిబింబించాలి, ఒక గ్రూపు పీరియడ్లు ఇంకో గ్రూపు పీరియడ్లు వేరని గుర్తించాలి. వేర్వేరు సెంటర్లలోనో, నెలల తేడాతోనో జరిగితే అసలు కలిపి అనలైజ్ చేయొచ్చా అన్నదే ప్రశ్న అవుతుందని కూడా అందులో ఉంది. యూరప్ మందుల నియంత్రణ సంస్థ ఈఎంఏ 2010 గైడ్‌లైన్ ఇంత విడమరచి చెప్పదు. ఫలితంపై ప్రభావం చూపగలవని సహేతుకంగా అనుకోదగ్గ అంశాలన్నిటినీ అనాలిసిస్ లెక్కలోకి తీసుకోవాలి, మోడల్ ప్రోటోకాల్‌లో ముందే ఖరారు కావాలి అంటుంది. రెండూ కోరేది ఒకటే: డేటా చూడకముందే నిర్ణయం.

అందువల్ల ప్రోటోకాల్‌లో ఇవి ఉండాలి: ఎన్ని గ్రూపులు రావచ్చు, ఎందుకు, మధ్యలో ఎంత గడువు, ఏ మోడల్‌తో బయోఈక్వివలెన్స్ తేలుస్తారు, ఇంటరాక్షన్‌ని చూస్తారా, చూస్తే ఆ ఫలితంతో ఏం చేస్తారు. గ్రూపులు అవసరమవుతాయో లేదో తెలియకపోతే, ఒకటికన్నా ఎక్కువ గ్రూపుల్లో డోసింగ్ జరిగితే ఫలానా మోడల్ అని షరతుతో రాయండి. అందరికీ ఒకేరోజు కుదిరితే ఆ వాక్యం వాడాల్సిన పనే ఉండదు.

వాలంటీర్లను రెండుగా విడగొట్టి వరసగా రెండు రోజుల్లో డోసింగ్ చేస్తే అది గ్రూపా కాదా అని తరచూ అడుగుతుంటారు. చెక్-ఇన్ రోజు, డోసింగ్ తేదీ వేరైతే గ్రూపుగానే చూడమంటాను. దానివల్ల పోయేదెంతో అడుగు 5లో లెక్క ఉంది.

అడుగు 4: డేటాసెట్ సరిచూసుకోండి

చిన్న విషయంలా ఉంటుంది కానీ తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. రెండో గ్రూపులో సబ్జెక్ట్ నంబర్లు మళ్లీ 1 నుంచి మొదలయ్యాయా అని చూడండి. గ్రూప్ లేని పాత మోడల్‌లో సబ్జెక్ట్‌ని సీక్వెన్స్ లోపల మాత్రమే నెస్ట్ చేస్తారు. అప్పుడు మొదటి గ్రూపులోని 1, రెండో గ్రూపులోని 1 ఒకే సీక్వెన్స్‌లో పడితే సాఫ్ట్‌వేర్ ఇద్దరినీ ఒకే మనిషి కింద కలిపేస్తుంది. ఎర్రర్ మెసేజ్ రాదు, ఫలితం మాత్రం తప్పొస్తుంది. 1 నుంచి 48 వరకు ఎవరి నంబర్ వాళ్లకే ఉండేలా చూడండి.

గ్రూప్, సీక్వెన్స్, పీరియడ్, ట్రీట్‌మెంట్, సబ్జెక్ట్ అన్నిటినీ కేటగిరీ వేరియబుల్స్‌గా ప్రకటించండి. స్టాటిస్టికల్ సాఫ్ట్‌వేర్లలో శాస్ అయితే క్లాస్ స్టేట్‌మెంట్, ఆర్ అయితే ఫ్యాక్టర్. పీరియడ్ నంబరుగా ఉండిపోతే 2×2లో బయటపడదు, నాలుగు పీరియడ్ల రెప్లికేట్ స్టడీలో పడుతుంది.

అడుగు 5: మోడల్

వాడుకలో మూడు మోడళ్లున్నాయి. పెద్దదాని నుంచి చిన్నదాని వరకు ఇలా చెప్పుకోవచ్చు.

మోడల్ 1లో గ్రూప్, సీక్వెన్స్, గ్రూప్-సీక్వెన్స్ ఇంటరాక్షన్, ఆ రెండిటి లోపల నెస్ట్ చేసిన సబ్జెక్ట్, గ్రూప్ లోపల నెస్ట్ చేసిన పీరియడ్, ట్రీట్‌మెంట్, చివరగా గ్రూప్-ట్రీట్‌మెంట్ ఇంటరాక్షన్ ఉంటాయి. మోడల్ 2 అంటే ఇందులోంచి ఆ చివరిదాన్ని తీసేసింది. మోడల్ 3 మనందరికీ అలవాటైన మామూలు మోడల్: సీక్వెన్స్, అందులో సబ్జెక్ట్, పీరియడ్, ట్రీట్‌మెంట్.

బయోఈక్వివలెన్స్ తేల్చడానికి మోడల్ 2 వాడండి. అందులో మీరు చెల్లించే ధర ఎంతో చూద్దాం. 2×2లో మోడల్ 3కి ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ మొత్తం సబ్జెక్టుల సంఖ్య నుంచి 2 తీసేస్తే వచ్చేది. మోడల్ 2కి గ్రూపుల సంఖ్యనీ, ఇంకో 1నీ తీసేయాలి. 48 మంది, రెండు గ్రూపులైతే 46 బదులు 45. టీ విలువ 1.6787 నుంచి 1.6794కి మారుతుంది. సీవీ (ఒకే మనిషిలో రీడింగులు అటూఇటూ అయ్యే శాతం) 30 శాతం, నిష్పత్తి 95 శాతం అనుకుంటే, అదే ఎర్రర్ వేరియెన్స్‌తో మోడల్ 3 ఇంటర్వెల్ 85.91–105.05, మోడల్ 2 ఇంటర్వెల్ 85.90–105.06. రెండో దశాంశంలో ఒక్క అంకె తేడా. దీనికోసం స్పాన్సర్‌తో వాదన అక్కర్లేదు.

సబ్జెక్ట్‌ని ఫిక్స్‌డ్‌గా పెడితే గ్రూప్, సీక్వెన్స్, గ్రూప్-సీక్వెన్స్ టర్మ్‌లు ఉన్నా తీసేసినా ఈ ఇంటర్వెల్ మారదు. అవన్నీ సబ్జెక్ట్‌లోనే ఇమిడిపోయినవి. ఆర్‌లో ఎల్‌ఎమ్ వాడితే కొన్ని కోఎఫిషియెంట్ల దగ్గర ఎన్‌ఏ అని కనిపించేది అందుకే. కంగారుపడకండి. ఫలితాన్ని నిజంగా మార్చేది పీరియడ్‌ని గ్రూప్‌లో నెస్ట్ చేయడమొక్కటే. ప్రతి గ్రూపులో సీక్వెన్సులు సమానంగా ఉంటే నిష్పత్తి కూడా మారదు, ఎర్రర్ మాత్రమే కాస్త అటూఇటూ అవుతుంది.

అడుగు 6: అనోవా టేబుల్ చదవడం

గ్రూప్, సీక్వెన్స్, గ్రూప్-సీక్వెన్స్ మనుషుల మధ్య తేడాలు. వాటిని పరీక్షించాల్సింది నెస్ట్ చేసిన సబ్జెక్ట్ మీన్ స్క్వేర్‌తో. శాస్ ప్రాక్ జీఎల్‌ఎమ్‌కి టెస్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వకపోతే అన్నిటినీ రెసిడ్యువల్‌తోనే పరీక్షించి, గ్రూప్ చాలా సిగ్నిఫికెంట్ అని చూపిస్తుంది. క్యూఏ వాళ్లు దాన్ని ఎర్ర పెన్నుతో చుడతారు. సరైన ఎర్రర్‌తో చూశాక కూడా గ్రూప్ సిగ్నిఫికెంట్ వస్తే రిపోర్టులో ఒక వాక్యం రాసి ముందుకెళ్లండి, పోలికకు దానివల్ల నష్టం లేదు. పీరియడ్, ట్రీట్‌మెంట్, గ్రూప్-ట్రీట్‌మెంట్ మాత్రం రెసిడ్యువల్‌తో పరీక్షించాల్సినవే. ఆర్‌లో అనోవా ఫంక్షన్ టర్మ్‌లు రాసిన వరసలో లెక్కిస్తుంది కాబట్టి ట్రీట్‌మెంట్‌ని పీరియడ్ తర్వాత పెట్టండి.

అడుగు 7: ఇంటరాక్షన్‌ దగ్గర ఆగి ఆలోచించండి

ఎఫ్‌డీఏ లెటర్ల వల్ల అందరికీ తెలిసిన పాత వరస ఇది. మోడల్ 1 నడిపి ఇంటరాక్షన్‌ని 0.1 స్థాయిలో పరీక్షించాలి. సిగ్నిఫికెంట్ కాకపోతే మోడల్ 2. సిగ్నిఫికెంట్ అయితే గ్రూపులు కలపకూడదు, ఒక్కో గ్రూపునీ, లేదా పెద్ద గ్రూపుని, మోడల్ 3తో విడిగా చూడాలి. ఒకే సెంటర్, ఒకే పూల్, ఒకేలాంటి డెమోగ్రాఫిక్స్, మొదట్లోనే రాండమైజేషన్ ఉంటే నేరుగా మోడల్ 2కి వెళ్లొచ్చన్న వెసులుబాటు కూడా ఆ లెటర్లలోనే ఉంటుంది.

ఈ గేటు ఎందుకు నచ్చదో అంకెల్లో చూపిస్తాను. అదే 48 మంది, 24 + 24, అంతా బ్యాలెన్స్‌డ్, సీవీ 30 శాతం. మొదటి గ్రూపులో నిష్పత్తి 85.5 శాతం, రెండోదాంట్లో 105.5 శాతం వచ్చాయనుకుందాం. ఇంటరాక్షన్ పీ విలువ సుమారు 0.09. సులువు కోసం ఎర్రర్ వేరియెన్స్ ఎక్కడా మారలేదనుకుంటే, అందరినీ కలిపి మోడల్ 2తో చూస్తే నిష్పత్తి దాదాపు 95, ఇంటర్వెల్ 85.88–105.03. హాయిగా పాస్. గేటు నియమం ప్రకారం విడగొడితే మొదటి గ్రూపు 73.92–98.89తో ఫెయిల్, రెండో గ్రూపు 91.21–122.03తో పాస్. రెండూ సమాన సైజు. ఏది నిజం అనాలి? పాసైనదాన్ని ఎంచుకుంటే ఏ రివ్యూయరూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా.

పోనీ ఆ తేడా నిజమైనదా? అసలు ఏ ఇంటరాక్షనూ లేకపోయినా, 0.1 స్థాయి పరీక్ష పది స్టడీల్లో ఒకదానికి సగటున సిగ్నిఫికెంట్ చూపిస్తుంది. 0.1 అంటే అర్థమే అది. సీమ్యాక్స్‌కీ, ఏయూసీకీ (రక్తంలోకి చేరిన మొత్తం మందు కొలత) విడివిడిగా చేస్తే కనీసం ఒకదాంట్లో తగిలే అవకాశం ఇంకా ఎక్కువ. ఆ తప్పుడు అలారానికి మూల్యం ఏమిటంటే, అసలు నిష్పత్తి 95 శాతం అయినప్పుడు 48 మందితో దాదాపు 88 శాతం ఉన్న పవర్, 24 మందితో 56 శాతం దగ్గరికి పడిపోతుంది.

పోనీ ఇంటరాక్షన్ నిజంగా ఉంటే ఈ పరీక్ష పట్టుకుంటుందా? అక్కడా బలహీనమే. పై ఉదాహరణలో ట్రీట్‌మెంట్ తేడా స్టాండర్డ్ ఎర్రర్ 0.060. రెండు గ్రూపుల నిష్పత్తుల మధ్య తేడా స్టాండర్డ్ ఎర్రర్ 0.120, సరిగ్గా రెట్టింపు. అంతే పరిమాణంలో ఉన్న ఇంటరాక్షన్‌ని అంతే నమ్మకంగా పట్టాలంటే నాలుగింతల మంది కావాలి. సిగ్నిఫికెంట్ కాలేదంటే ఇంటరాక్షన్ లేదని కాదు, అయ్యిందంటే ఉందనీ కాదు.

ఇంకో ఉచ్చు: మోడల్ 1 ఇచ్చే ఇంటర్వెల్‌నే రిపోర్టులోకి ఎక్కించడం. ఇంటరాక్షన్ టర్మ్ మోడల్‌లో ఉండగా లీస్ట్ స్క్వేర్స్ మీన్స్ ప్రతి గ్రూపుకీ సమాన బరువిస్తాయి. 40 + 8 స్టడీలో ఎనిమిది మంది మాట నలభై మంది మాటతో సమానమైపోతుంది. స్టాండర్డ్ ఎర్రర్ దాదాపు 34 శాతం పెరుగుతుంది. బయోఈక్వివలెన్స్ నిర్ణయానికి ఆ ఇంటర్వెల్ వాడకండి.

ఎం13ఏ దారి నాకు నచ్చడానికి కారణం ఇదే. నిర్ణయం స్టడీలోని వాలంటీర్లందరినీ కలిపి, సాధారణంగా ఇంటరాక్షన్ టర్మ్ లేని మోడల్‌తో చేయమంటుంది, ముందే రాసుకున్న వేరే తగిన మోడల్‌కీ చోటిస్తుంది. గ్రూపుల మధ్య తేడాని విడిగా పరిశీలించి, ఇంటరాక్షన్ సిగ్నిఫికెంట్ అయితే దాన్ని రిపోర్టు చేసి, సాధ్యమైనంత వరకు మూలకారణం వెతకమంటుంది. ఈఎంఏ 2013లోనే టూ-స్టేజ్ డిజైన్ గురించి, స్టేజ్-ఫార్ములేషన్ ఇంటరాక్షన్‌ని మోడల్‌లో పెట్టవద్దని చెప్పింది. ఆలోచన అదే కోవలోది.

మూలకారణం వెతకడమంటే అనుమానాలన్నీ పోగేయడం కాదు. ముందు గ్రూపులవారీ నిష్పత్తులూ, ఇంటర్వెల్సూ పక్కపక్కన పెట్టండి. తర్వాత ఒక్కో వాలంటీర్ టెస్ట్-రిఫరెన్స్ నిష్పత్తిని గ్రూపు వారీగా ప్లాట్ చేయండి. గ్రూపు మొత్తం పక్కకు జరిగిందా, ఇద్దరు ముగ్గురే లాగుతున్నారా అన్నది ఆ బొమ్మలో కనిపిస్తుంది. ఇద్దరు ముగ్గురే అయితే వాళ్ల వాంతుల రికార్డులు, డోసింగ్ టైములు, శాంప్లింగ్ ఆలస్యాలు చూడండి. గ్రూపు మొత్తం అయితే మందు నిల్వ ఉష్ణోగ్రత లాగ్, డిస్పెన్సింగ్ రికార్డు, భోజనం, ఎనలిటికల్ రన్‌ల వివరాలు చూడండి. జెనెటిక్ మెటబాలిజం తేడాలని చటుక్కున రాసేస్తుంటారు. స్లో మెటబాలైజర్ శరీరంలో రెండు మందులూ నెమ్మదిగానే విచ్ఛిన్నమవుతాయి. ఆ కారణం చెప్పాలంటే ఫార్ములేషన్‌తో దానికి సంబంధమేమిటో చూపించాలి.

అడుగు 8: రిపోర్టు, క్వెరీకి జవాబు

రిపోర్టులో ప్రధాన ఫలితం ప్రోటోకాల్‌లో రాసిన మోడల్‌దే. గ్రూపులవారీ డెమోగ్రాఫిక్స్, డోసింగ్ తేదీలు, గ్రూపులవారీ నిష్పత్తులు, ఇంటరాక్షన్ పీ విలువ అనుబంధంగా ఇవ్వండి. పీ విలువ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే అవతలివాళ్లకు ఏమీ తెలియదు.

గ్రూప్ టర్మ్ లేకుండానే సబ్‌మిషన్ వెళ్లిపోయి క్వెరీ వస్తే, మోడల్ 2తో మళ్లీ నడిపి, పాత ఇంటర్వెల్ పక్కన కొత్తది పెట్టండి. దాంతోపాటు రాండమైజేషన్ లిస్టు తయారైన తేదీ, మొదటి గ్రూపు డోసింగ్ తేదీ, స్క్రీనింగ్ లాగ్ జత చేయండి. అందరూ ఒకే పూల్ నుంచి వచ్చారనీ, గ్రూపుల కేటాయింపు ముందే జరిగిందనీ కాగితాలే చెబుతాయి. ఇంటరాక్షన్ టెస్ట్ కూడా అడిగితే చేసి ఇవ్వండి. ప్రోటోకాల్‌లో లేని పరీక్ష కాబట్టి పోస్ట్ హాక్ అని స్పష్టంగా రాయండి. మోడల్ 3 ఇంటర్వెల్ కాస్త ఇరుకుగా, అందంగా కనిపించినా, ప్రోటోకాల్ మోడల్ 2 అన్నాక దాన్ని ప్రధాన ఫలితం స్థానంలోకి తేవద్దు.

ప్యారలల్ స్టడీ అయితే ఈ లెక్కలో ఒకటి తలకిందులవుతుంది. అక్కడ ఒక్కో మనిషీ ఒక్క మందే తీసుకుంటాడు, గ్రూప్ తేడా కొట్టుకుపోదు. ప్రతి గ్రూపులో టెస్టూ రిఫరెన్సూ సమానంగా పంచకపోతే గ్రూప్ ఎఫెక్ట్ నేరుగా నిష్పత్తిలోకే దూరుతుంది. కాబట్టి అక్కడ గ్రూప్‌ని బ్లాక్‌గా తీసుకుని రాండమైజ్ చేయండి, మోడల్‌లో గ్రూప్, ట్రీట్‌మెంట్ రెండూ ఉంచండి.